మబ్బు చాటున మరో కన్ను
కెమెరా ఉపగ్రహాలు ఎన్ని ఉన్నా సైన్యం మొగ్గు రాడార్ వైపే

జూలైలో పూరీ గేట్ దగ్గర తలెత్తి చూస్తే ఆకాశం కనిపించదు. ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి ఐఐటీకి వెళ్లే దారిలోని ఈ చోటు, రైల్వే కొలువుల కోసం వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలకు చిరపరిచితం. వానాకాలం వస్తే రోజుల తరబడి మబ్బే. ఐదొందల కిలోమీటర్ల ఎత్తున వెళ్లే కెమెరా ఉపగ్రహం పరిస్థితీ అంతే. పట్టాలు కనపడవు, వంతెన కనపడదు, తెల్లటి దూది పరుపు ఒక్కటే. పొరుగునున్న కలైకుండా వైమానిక స్థావరానిదీ అదే తీరు. పంట విస్తీర్ణం లెక్కగట్టేవారు మబ్బు తొలగేదాకా ఆగగలరు. సరిహద్దులో ట్యాంకుల కదలికలు చూడాల్సినవారు ఆగలేరు.

కెమెరాకు మరో బలహీనత ఉంది. దానికి ఎండ కావాలి. అందుకే అలాంటి ఉపగ్రహాలను చాలావరకు ఒక చోటి మీదుగా ఎప్పుడూ దాదాపు ఒకే వేళకు, సాధారణంగా ఉదయం పూట, వెళ్లే కక్ష్యలో పెడతారు. దాచాల్సింది ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? గడియారం చూసుకుని ముసుగు కప్పేస్తే సరి.

రాడార్‌కు ఈ బెడద లేదు. మైక్రోవేవ్ తరంగాలను తానే కిందికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని నమోదు చేస్తుంది. చీకటి, పొగ, మబ్బు అడ్డు కావు. ఉపగ్రహం సాగిపోతుండగా అందే ప్రతిధ్వనులన్నిటినీ కంప్యూటర్‌లో కలిపితే, ఎంతో పొడవైన యాంటెన్నాతో చూసినంత స్పష్టత వస్తుంది. అర్ధరాత్రి జోరువానలోనూ పూరీ గేట్ దగ్గర రైలు పెట్టెలు తళుక్కుమంటాయి, చెరువులు నల్లగా కనిపిస్తాయి. రంగులుండవు. అందమైన బొమ్మ కాదది. చదవడానికి తర్ఫీదు పొందిన కన్ను కావాలి. కరెంటూ ఎక్కువే తాగుతుంది.

భారత్‌కు ఈ అవసరం బాగా తెలిసొచ్చింది 2008 నవంబర్‌లో, ముంబై దాడులతో. స్వదేశీ రాడార్ ఉపగ్రహం రిశాట్-1 అప్పటికింకా తయారీలోనే ఉంది. దాంతో ఇజ్రాయెల్‌లో తయారైన రిశాట్-2ను ముందుకు తెచ్చి 2009 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుంచి పంపారు. బరువు 300 కిలోలే. ఇస్రో అధికారికంగా చెప్పింది వరదలు, తుపాన్ల గురించి. అది అబద్ధమేమీ కాదు, పూర్తి నిజమూ కాదు. అసలు గుట్టు కక్ష్యలో ఉంది. ధ్రువాల మీదుగా కాక, భూమధ్యరేఖకు 41 డిగ్రీల వాలులో తిరిగేది. కాబట్టి భారత్, పొరుగు దేశాల మీదుగా తరచుగా, వేర్వేరు వేళల్లో వెళ్లేది. నాలుగేళ్లకని పంపినది పదమూడేళ్లకు పైగా తిరిగి 2022 అక్టోబర్ 30న భూవాతావరణంలోకి వచ్చి రాలిపోయింది.

రాడార్ ఒక్కటే ఉంటే చాలదనడానికి నిసార్ ఉదాహరణ. ఇస్రో, నాసా కలిసి 2025 జూలై 30న ప్రయోగించిన ఈ ఉపగ్రహం అదే దారిలో తిరిగి రావడానికి 12 రోజులు పడుతుంది. పైగా సమాచారం అందరికీ బహిరంగం. హిమానీనదాల పరిశోధకులకు అది బంగారమే. సేనానికి మాత్రం కాదు: 12 రోజుల్లో ఒక దళం ఎక్కడికైనా వెళ్లిపోగలదు.

తరచుగా చూడాలంటే సంఖ్య కావాలి. 52 నిఘా ఉపగ్రహాల పథకానికి కేంద్రం 2024 అక్టోబర్‌లో ఆమోదం తెలిపింది. కానీ ఆపరేషన్ సిందూర్ కాల్పులు ఆగిన ఎనిమిది రోజులకు, 2025 మే 18న, రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-09తో లేచిన పీఎస్ఎల్‌వీ-సి61లో మూడో దశ మోటారు పీడనం పడిపోయింది. 1,696 కిలోల ఉపగ్రహం కక్ష్య చేరలేదు. ఆ కబురు చెప్పిన ఇస్రో ఛైర్మన్ వి. నారాయణన్ ఎం.టెక్, పీహెచ్‌డీ చేసింది పూరీ గేట్ దాటాక వచ్చే ఐఐటీలోనే. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి.