ఫౌజీ ఇంట్లో ప్రత్యేక అవసరాల బిడ్డ: సర్కారు సాయం ఎందాక, మన సాయం ఎక్కడ?

పోయిన రంజాన్‌లో దరఖాస్తులు పరిశీలిస్తుండగా మా కమిటీ ముందుకు ఒక కాగితం వచ్చింది. భర్త ఫౌజులో నాయక్, సరిహద్దు దగ్గర పోస్టింగు. భార్య నంద్యాలలో పుట్టింట్లో ఉంటోంది. ఆరేళ్ల కొడుకుకు ఆటిజం. అడిగిన మొత్తం పదిహేను వేలు. కమిటీలోని ఒక పెద్దాయన ఆ కాగితం పక్కన పెట్టి, "ఫౌజీ ఇల్లు కదా! నెలనెలా జీతం, క్యాంటీను, మిలిటరీ ఆసుపత్రి, అన్నీ ఉంటాయి. ఇది వితంతువులకు, యతీములకు చెందాల్సిన సొమ్ము" అన్నారు. జకాత్ సొమ్ము విషయంలో అంత జాగ్రత్త ఉండాల్సిందే. అయితే ఆ చెల్లెమ్మకు ఫోన్ చేస్తే తెలిసిన సంగతి వేరు. ఆమె దానం అడగలేదు, అప్పు అడిగింది. రావలసిన డబ్బు సర్కారు నుంచి వస్తుంది, కానీ ఏడాది తిరిగాక వస్తుంది. పిల్లవాడికి మాట నేర్పే స్పీచ్ థెరపీకి మాత్రం వారం వారం కట్టాలి.

ఆ ఒక్క దరఖాస్తు వల్ల ఈ విషయం మీద కొంత తెలుసుకోవలసి వచ్చింది. సైనిక కుటుంబాలకు ఏమేం అందుతాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్నది దాతలు తెలుసుకుంటే మీరిచ్చే ప్రతి రూపాయీ సరైన చోటికి చేరుతుంది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఉన్నవి చెప్పుకోవాలి, ఎందుకంటే తక్కువేమీ కాదు. సర్వీసులో ఉన్న జవాను భార్యాపిల్లలకు మిలిటరీ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం. మన దగ్గర సికింద్రాబాద్‌లో మిలిటరీ హాస్పిటల్, విశాఖలో నౌకాదళం వారి ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి ఉన్నాయి. పెద్ద కేసులైతే కమాండ్ ఆసుపత్రులకు, అక్కడినుంచి ఢిల్లీలోని ఆర్మీ హాస్పిటల్‌కు పంపుతారు. బుద్ధి ఎదుగుదల మందగించిన పిల్లలకు, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు సైన్యం సొంతంగా ఆశా పాఠశాలలు నడుపుతోంది. వీటిని చూసేది సైనికుల భార్యల సంక్షేమ సంఘం. సికింద్రాబాద్‌లోనూ ఒక ఆశా పాఠశాల ఉంది. నౌకాదళానికి విశాఖలో సంకల్ప్ పాఠశాల ఉంది. వైమానిక దళం వారివి ఉమీద్ కిరణ్ పేరుతో ఉన్నాయి.

డబ్బు రూపంలో ముఖ్యమైనది పిల్లల విద్యా భత్యం. మామూలుగా ఇద్దరు పిల్లల వరకు ఒక్కొక్కరికి నెలకు 2,812 రూపాయల 50 పైసలు. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే దానికి రెట్టింపు, అంటే నెలకు 5,625 రూపాయలు. 2024 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క ఇది. మామూలు పిల్లలకు 20 ఏళ్ల దాకా ఇస్తే ఈ పిల్లలకు 22 ఏళ్ల దాకా ఇస్తారు. ఏడాదికి 67,500 రూపాయలు, చిన్న మొత్తం కాదు. కానీ ఇది జీతంతో పాటు నెలనెలా రాదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక, బడి నుంచి సర్టిఫికెట్ తెచ్చి, క్లెయిము పెట్టుకుంటే ఒకేసారి వస్తుంది. ఏప్రిల్‌లో కట్టిన ఫీజుకు డబ్బు మరుసటి ఏడాది ఏప్రిల్ దాటాక చేతికొస్తుందన్న మాట. ఈ మధ్యలో ఉన్న పన్నెండు నెలలే నంద్యాల చెల్లెమ్మ కష్టం.

రెండో కష్టం బదిలీలు. ఫౌజీకి కొన్నేళ్లు ఫీల్డు, కొన్నేళ్లు పీస్ స్టేషను. రెండు మూడేళ్లకోసారి పెట్టెలు సర్దుకోవడం ఆ ఇళ్లలో మామూలే. మామూలు పిల్లలు కొత్త బడిలో నెలరోజుల్లో కుదురుకుంటారు. ఆటిజం ఉన్న బిడ్డకు కొత్త ఇల్లు, కొత్త టీచరు, కొత్త భాష అంటే నేర్చుకున్నది సగం పోయి మళ్లీ మొదటికి రావడం. ఈ బాధ సైన్యానికి తెలియక కాదు. బిడ్డ వైద్యం కోసమో ప్రత్యేక బడి కోసమో ఆ సౌకర్యమున్న స్టేషనుకు పోస్టింగు ఇవ్వమని కారుణ్య ప్రాతిపదికన అర్జీ పెట్టుకోవచ్చు. తండ్రి ఫీల్డులో ఉంటే కుటుంబం ఉండటానికి కొన్ని స్టేషన్లలో ప్రత్యేక క్వార్టర్లు ఉన్నాయి. అయితే పోస్టింగుకు ఖాళీ ఉండాలి, క్వార్టరుకు వరుస రావాలి, అన్నిటికంటే ముందు చేతిలో డాక్టరు కాగితం ఉండాలి. ఆ కాగితం లేక ఆగిన అర్జీలే ఎక్కువ.

కాగితం సంగతికి వద్దాం. నా అనుభవంలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మన రెండు రాష్ట్రాల్లో వైకల్య ధ్రువపత్రం సదరం క్యాంపు ద్వారా రావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజంతో సహా 21 రకాల వైకల్యాలను గుర్తించింది. క్యాంపుకు స్లాటు దొరికి, ఆ స్పెషలిస్టు ఉన్న రోజు కుదిరి, శాతం రాసి ఇచ్చేసరికి నెలలు గడుస్తాయి. దీనికి తోడు మన ఇళ్లలో పేర్ల గొడవ ఒకటుంది. తండ్రి సర్వీసు రికార్డులో "ఎస్‌కే" అని ఉంటుంది, ఆధార్‌లో "షేక్" అని ఉంటుంది, సదరం పత్రంలో ఇంటిపేరే ఉండదు. నిఖా నాడు రాసిన పేరు చివర "బీ", ఆధార్‌లో "బేగం". మనకు ఒకరే, రికార్డు ఆఫీసుకు ఇద్దరు. ఫౌజులో పెళ్లి, బిడ్డ పుట్టుక ఏవైనా పార్ట్ టూ ఆర్డరులో ఎక్కితేనే లెక్క. అందులో అక్షరం తేడా ఉంటే ఆసుపత్రి కార్డు దగ్గరనుంచి విద్యా భత్యం దాకా అన్నీ ఆగుతాయి. బిడ్డ పుట్టినప్పుడే పేరు అన్ని చోట్లా ఒకేలా రాయించమని ప్రతి ఫౌజీ ఇంట్లోనూ చెప్పాలి. ఇందులో దాతల డబ్బు పనేమీ లేదు, ఓపిక ఉన్న మనిషి చాలు.

రిటైరయ్యాక సాయం తలుపులు మారతాయి. వైద్యానికి 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం ఉంది. చందా కట్టిన మాజీ సైనికుడికి, భార్యకు, ఆధారపడిన పిల్లలకు పాలీక్లినిక్కుల్లో వైద్యం, అవసరమైతే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో నగదు కట్టకుండా చికిత్స. మామూలు కొడుకుకు 25 ఏళ్లు నిండితే కార్డు పోతుంది. శాశ్వత వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్న బిడ్డకు జీవితాంతం ఉంటుంది. ఈ సంగతి తెలియక, కొడుకుకు 25 దాటాయి కదా అని కార్డు సంగతే వదిలేసిన దాదీ ఒకామె మా దగ్గరికి మందుల ఖర్చుకు వచ్చారు. మేము మందులకు డబ్బిచ్చి పంపి ఉంటే నెలనెలా ఇస్తూనే ఉండేవాళ్లం. కార్డు వెంట పడితే ఆ ఖర్చు తీరింది.

హవల్దార్ స్థాయి వరకు రిటైరైన వారి పిల్లల చదువుకు కేంద్రీయ సైనిక్ బోర్డు గ్రాంటు ఉంది. ఇద్దరు పిల్లల వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా, ఒక్కొక్కరికి నెలకు వెయ్యి రూపాయలుండేది 2025 నవంబరు నుంచి రెండు వేలయింది. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మీదుగా వెళుతుంది. తరగతి పాసైన మార్కుల కాగితం జత చేయాలి. ప్రత్యేక బడిలో చదివే పిల్లలకు అలాంటి మార్కుల కాగితం ఎక్కడినుంచి వస్తుంది? నూరు శాతం వైకల్యం ఉన్న పిల్లలకు బోర్డు వేరే గ్రాంటు ఇస్తోంది. అరవై, డెబ్బై శాతం అని రాసిన బిడ్డ మాత్రం అటు మార్కుల్లోనూ ఇమడడు, ఇటు నూరు శాతంలోనూ ఇమడడు. ఇలాంటి బిడ్డ కనిపిస్తే సంఘం ముందుకు రావాలని నా అభిప్రాయం.

తల్లిదండ్రులు రాత్రిళ్లు నిద్రపట్టక ఆలోచించేది మరొకటి: మా తర్వాత వీడి గతేమిటి? దీనికి మంచి ఏర్పాటే ఉంది. సొంతంగా బతుకు వెళ్లదీసుకోలేని బిడ్డకు తల్లిదండ్రుల తర్వాత కుటుంబ పెన్షను జీవితాంతం వస్తుంది. 2021లో ఆదాయ పరిమితి కూడా సడలించారు. అంతకుముందు బిడ్డ రాబడి నెలకు 9,000 రూపాయలు, దాని మీద కరువు భృతి కలిపిన మొత్తం దాటితే పెన్షను పోయేది. ఇప్పుడు తండ్రి చివరి జీతంలో 30 శాతం, దాని మీద కరువు భృతి కలిపిన మొత్తం కంటే రాబడి తక్కువైతే పెన్షను ఆగదు. తండ్రి బతికుండగానే బిడ్డ పేరు పెన్షను ఉత్తర్వులో ఎక్కించుకోవచ్చు. ఎక్కించక తండ్రి పోతే, తల్లీ పోతే, ఆ పిల్లవాడి తరఫున రికార్డు ఆఫీసుల చుట్టూ తిరిగేదెవరు? మేనమామో, పెదనాన్నో తిరగాలి. వాళ్లకు సర్వీసు నంబరు కూడా తెలియదు.

బిడ్డకు 18 నిండితే చట్టం దృష్టిలో మేజరు. సంతకం పెట్టలేని మేజరుకు సంరక్షకుడు కావాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్న వారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. కోర్టుకెక్కనక్కరలేదు. ఇదే ట్రస్టు వారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది, ఫౌజీ అయినా కాకపోయినా వర్తిస్తుంది.

నంద్యాల పిల్లవాడి విషయంలో మొదట చేసిన పని డబ్బివ్వడం కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ బుద్ధిమాంద్య వికలాంగుల సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నారు. తల్లీబిడ్డలను రాత్రి బస్సులో అక్కడికి పంపి పరీక్షలు చేయించాం. ఆ ఆవరణలోనే మాట, వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, అలీగఢ్‌కు వైస్ ఛాన్సలరుగా పనిచేసి మహారాష్ట్ర గవర్నరైన ఆ హైదరాబాదీ పేరు మనవాళ్లలో చాలామందికి తెలియదు. చెవుడున్న పిల్లల్ని తీసుకెళ్లేవారు ఈ చోటు గుర్తుంచుకోండి, ఎంత చిన్న వయసులో వెళితే అంత మేలు.

ఇక దాతలు తరచుగా అడిగే ప్రశ్న: ఫౌజీ ఇంటికి జకాత్ చెల్లుతుందా? నెల జీతం ఉన్నంత మాత్రాన చెల్లదనీ కాదు, బిడ్డకు వైకల్యం ఉన్నంత మాత్రాన చెల్లుతుందనీ కాదు. నిసాబ్ లెక్కే లెక్క. సర్వీసులో ఉన్న వారిలో చాలా ఇళ్లు అర్హత కిందికి రావు. పెన్షను లేకుండా మధ్యలో సర్వీసు వదిలిన వారు, కొందరు వితంతువులు వస్తారు. ఇంకొక సూక్ష్మం, హనఫీ ఉలమా చెప్పే మాట: జకాత్ సొమ్ముకు అర్హుణ్ణి యజమానిని చేయాలి. కాబట్టి థెరపిస్టు జీతానికో, వ్యాను అద్దెకో ఆ సొమ్ము నేరుగా వాడకూడదు. అలాంటి వాటికి సదఖా, లిల్లాహ్ పద్దు వాడుతున్నాం. అనుమానం వచ్చిన ప్రతిసారీ మౌలానా గారిని అడిగాకే ముందుకు వెళుతున్నాం.

సర్కారు సొమ్ము ఆలస్యంగానైనా వచ్చే ఈ ఇళ్లకు అన్నిటికంటే బాగా అమరేది ఖర్జె హసనా. వడ్డీ లేని అప్పు. రావలసిన భత్యం లెక్క చూసి, అందులో సగానికి మించకుండా ఇస్తాం. క్లెయిము వచ్చాక తిరిగి కడతారు. అడిగే ఇంటికి తలవంపు లేదు, ఇచ్చే దాతకు సొమ్ము తరిగిపోదు. 1948 జులై 3న ఝంగర్‌లో అమరుడైన బ్రిగేడియర్ ఉస్మాన్ పెళ్లి చేసుకోలేదనీ, జీతంలో చాలా భాగం పేద పిల్లల చదువుకే ఖర్చు చేసేవారనీ చెబుతారు. ఫౌజీ ఇంటి బిడ్డ చదువుకు అప్పివ్వడానికి మా కమిటీ పెద్దాయన చివరికి ఒప్పుకున్నది ఈ మాట వినే.

ఈ ఏడాది ఈ పద్దు కోసం మేము అడుగుతున్నవి మూడు. తిరిగి వచ్చే అప్పులకు మూలధనం. సికింద్రాబాద్ రాకపోకలకు, తోడు వెళ్లే మనిషి ఖర్చుకు సదఖా. మూడోది డబ్బు కాదు: మీలో రిటైరైన ఫౌజీలు, ప్రత్యేకంగా క్లర్కులుగా చేసినవారు నెలకు ఒక ఆదివారం మా ఆఫీసులో కూర్చుంటే చాలు. పార్ట్ టూ ఆర్డరు చదవడం మాలో ఎవరికీ సరిగ్గా రాదు.

నంద్యాల చెల్లెమ్మకు ఆ రంజాన్ నెలాఖరులో పదిహేను వేలు ఇచ్చాం. భర్త క్లెయిము మంజూరై ఆగస్టులో మొత్తం తిరిగి కట్టింది. పిల్లవాడు ఇప్పుడు "అమ్మీ", "పానీ" అంటున్నాడట. ఆ పదిహేను వేలు సెప్టెంబరు నుంచి ఇంకో ఇంట్లో ఉన్నాయి.