నేల కింద కారే నీళ్లు

మా ఇంట్లో కుళాయిని నల్లి అంటాం, కన్నడంలో లాగే. ఆంధ్రా నుంచి వచ్చే చుట్టాలు నవ్వుతారు. వాళ్లకి నల్లి అంటే మంచంలో ఉండే పురుగు! పేరేదైనా, బెంగళూరులో ఆ నల్లికి వచ్చే కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్లి నుంచి, మూడు చోట్ల పంపులు పెట్టి తోస్తే, దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కి వస్తాయి. అలా వచ్చిన నీళ్లు మన గేటు దాటాక, మీటరుకీ సంపుకీ మధ్య మట్టిలో ఇంకిపోతే ఎవరికీ కనిపించదు.

నీళ్లు పోతాయి, బిల్లు పెరుగుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. చాలా వీధుల్లో నీళ్లు రోజంతా రావు. వచ్చినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లులోంచి నీళ్లు బయటికి పోతాయి. ఆగాక ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు చుట్టూ ఉన్న బురదనీళ్లు అదే చిల్లులోంచి లోపలికి వస్తాయి. పక్కన మోరీ ఉంటే ఆ నీళ్లూ వస్తాయి. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు అదంతా సంపులోకి చేరుతుంది. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు ఇలా కూడా రావచ్చు.

లీకు ఉందో లేదో మనమే చూడొచ్చు. నీళ్లు వచ్చే వేళ సంపు దగ్గరి వాల్వు గట్టిగా మూసేయండి. ఆ లైను మీద నేరుగా నల్లి ఉంటే అదీ కట్టేయండి. ఇప్పుడు మీటరులోని చిన్న చక్రం చూడండి. అది ఇంకా తిరుగుతుంటే మధ్యలో నీళ్లు పోతున్నట్టే.

చక్రం కదలకపోతే సంపుని చూడాలి. నీళ్లు రాని రాత్రి, మోటారు వేయకుండా, ఒక పొడవాటి కర్రని అడుగు దాకా ముంచి తడి గుర్తు కొలవండి. పొద్దున మళ్లీ కొలవండి. 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు ఉన్న సంపులో ఒక్క సెంటీమీటరు తగ్గితే 30 లీటర్లు పోయినట్టు. సంపులోకి మాత్రం ఎవరూ దిగొద్దు, లోపల గాలి ఆడదు.

లైనులోనే లీకైతే చోటు వెతకాలి. ఎండలోనూ ఆరని తడి, కుంగిన బండలు, ఒక్క చోటే పచ్చగా ఉన్న గడ్డి, ఇవి గుర్తులు. అలికిడి లేని వేళ, నీళ్లు వస్తుండగా, పొడుగు స్క్రూడ్రైవరు కొసని పైకి కనిపించే పైపుకి ఆనించి, పిడి దగ్గర చెవి పెట్టండి. బుస్సుమనే శబ్దం ఎటు పెరిగితే లీకు అటు వైపు. ఇంత తెలిస్తే ప్లంబరు కాంపౌండంతా తవ్వక్కర్లేదు.

తవ్వేముందు కరెంటు కేబులు ఎటు పోయిందో చూసుకోవాలి. పీవీసీ పైపైతే పగిలిన ముక్క కోసేసి, కొసలు తుడిచి ఆరబెట్టి, సాల్వెంటు రాసి కొత్త ముక్క అతికిస్తారు. తడి మీద రాస్తే పట్టదు. పాత జీఐ పైపు ఒక చోట తుప్పుతో చిల్లు పడిందంటే మిగతాదీ అదే వయసుది, లైనంతా మార్చడం మేలు. పైన పూసే ఎంసీల్ కొద్ది రోజులకే.

గుంత వెంటనే పూడ్చనివ్వకండి. నీళ్లు వచ్చాక అతుకు చూసి, అప్పుడు పైపు చుట్టూ ఇసుక పోయించండి, రాళ్లు వద్దు. మొదట వచ్చే నీళ్లు బయటికి వదిలేయండి. సంపు కూడా కడిగించాలి.

మీటరు దాటాక లైను ఇంటివాళ్లదే. రోడ్డు మీద కారుతుంటే జలమండలికి చెప్పాలి. నీళ్లు ఎప్పుడొస్తాయో మన ఇళ్లల్లో అమ్మకో అవ్వకో బాగా తెలుసు. ఈసారి వచ్చినప్పుడు వాళ్లతో కలిసి మీటరు చూడండి, పది నిమిషాలు చాలు.