ఇంటి కంప్యూటర్ల నడుమ ఫైళ్ల రాకపోకలు

ఒకే యింట రెండు కంప్యూటర్లున్నను, ఒకదానిలోని ఫైలు రెండవదానికి అందకుండుట కలదు. అట్టివేళ తోచిన మీటలెల్ల నొక్కుట వలన దోషము తెలియదు. వరుసగా విచారించు పద్ధతిని విండోసు కంప్యూటర్ల విషయమున నిచట వివరింపదలచితిమి.

ధర్మవరమునుండి హిందూపురమునకు రైలుమీద సరకు పంపితిమనుకొందము. అది చేరనియెడల, పెనుకొండవఱకైన వచ్చినదా యని ముందుగా విచారింతుము. వచ్చియున్నచో దోషము ఆపైననే యున్నదని తేలును. ఇచటను నట్లే.

మొదటిది మార్గము. రెండు కంప్యూటర్లును ఒకే రౌటరునకు చేరియుండవలెను. ఒకటి ఫోను హాట్‌స్పాటునకో, అతిథులకై వేఱుచేసిన వైఫైకో చేరినచో రెండవది సాధారణముగా కానరాదు.

రెండవది చిరునామా. కమాండ్ ప్రాంప్టునందు ఐపీకాన్ఫిగ్ అని వ్రాసిన 192.168.1.5 వంటి సంఖ్య కనబడును. ఇండ్లలో సాధారణముగా మొదటి మూడు భాగములు రెంటికిని సమానముగా నుండును. 169.254తో మొదలైనచో రౌటరునుండి చిరునామా రాలేదన్నమాట. ఫైల్ ఎక్స్‌ప్లోరరునందు వెనుకకు వాలిన గీతలు రెండు వ్రాసి, ఫైలున్న కంప్యూటరు సంఖ్యను చేర్చి చూడుడు. పేరుతో దొరకనిది సంఖ్యతో దొరికినచో, దోషము పేరును గుర్తించుటయందే కలదు.

మూడవది ద్వారము. ఇంటి నెట్‌వర్కు 'ప్రైవేటు' అని యుండవలెను; 'పబ్లిక్' అని యున్నచో ఫైర్‌వాలు రాకపోకలను ఆపును.

నాలుగవది అనుమతి. ఫోల్డరును షేరు చేయుట యొకటి, అందలి ఫైళ్లపై హక్కు నిచ్చుట వేఱొకటి. రెంటిలో కఠినమైనదే చెల్లును. ఫైలున్న కంప్యూటరులోని ఖాతా పేరును, సంకేతపదమును ఈయవలెను. తెర తెఱచుటకు వాడు పిన్ అచట పనికిరాదు.

విసుగుచెంది ఫైర్‌వాలును తొలగింపరాదు. ఫైళ్ల రాకపోకలకు విండోసు వాడు ఎస్‌ఎంబీ నియమావళి మొదటి రూపమును మరల తెఱవరాదు. 2017 మే నెలలో వన్నాక్రై యను దుష్టప్రోగ్రాము ఆ పాతరూపమందలి లోపముద్వారా అనేక దేశముల వ్యాపించి, ఫైళ్లకు తాళమువేసి ధనమడిగెను. బ్రిటను ఆసుపత్రుల పనికి సైతము అంతరాయము కలిగించెను. నేతవారి యింట దినములకొలది గీసిన పట్టుచీర అంచు నమూనాయు, పిల్లల పాఠములును ఒకే కంప్యూటరున నుండవచ్చును. అవి పోయినచో మగ్గమును చదువును రెండును నిలుచును.

కావున ముఖ్యమైన ఫైళ్ల ప్రతి నొకదానిని విడిగా దాచి, ఒక్కసారి ఒక్క మార్పే చేసి, ఫలితము చూచి, ఆపై ముందుకు సాగవలెను.