ఫానీ, బాకీ: రెండు పదాల అర్థవిచారణ

నిలిచియుండని దానిని ఉర్దూలో ‘ఫానీ’ అంటారు. ‘దునియా ఫానీ’ అనే మాట నరసరావుపేట, మాచర్ల, గురజాలలలో ఉర్దూ మాట్లాడే ఇండ్లలో మరణవార్త విన్నప్పుడు వినిపించేదే. దీనికి జంటయైన మరొక అరబ్బీ పదం మతభేదం లేకుండా పల్నాటి ప్రతి ఇంటా వాడుకలో ఉన్నది. అదే ‘బాకీ’.

అరబ్బీలో ‘ఫనా’ అంటే అంతమగుట. ‘ఫానీ’ అంటే అంతమయ్యేది. 1941లో హైదరాబాదులో మరణించిన ఉర్దూ కవి ఫానీ బదాయూనీ ఈ పదాన్నే కలంపేరు చేసుకున్నాడు. సంస్కృతంలోని ‘క్షణభంగురం’ క్షణంలో విరిగిపోయేదానిని చెబుతుంది. ‘ఫానీ’ మాత్రం ఎంత త్వరగా అని చెప్పదు, అంతం తప్పదని మాత్రమే చెబుతుంది. నీటిబుడగ క్షణభంగురం, ఫానీ కూడా. మాచర్ల సమీపాన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు పదహారు శతాబ్దాలకు పైగా నిలిచి, చాలవరకు నాగార్జునసాగర్ జలాలలో మునిగిపోయాయి. అది క్షణభంగురం కాదు, కాని ఫానీయే.

దివ్య ఖురాన్ 55వ సూరా ‘అర్-రహ్మాన్’ 26వ ఆయత్‌లో భూమిపై నున్న వారందరి విషయంలో ఈ పదం వచ్చినది. నిలిచియుండేది ప్రభువు ముఖమే అని 27వ ఆయత్ తెలుపుతుంది. అక్కడి క్రియాపదం, అల్లాహ్ శుభనామాలలో చెప్పబడే ‘అల్-బాఖీ’, రెండూ ఒకే ధాతువునుండి వచ్చినవి.

ఆ ‘బాఖీ’యే మన ‘బాకీ’. 16వ శతాబ్ది చివర కొండవీటి సీమ గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోకి వచ్చినది. వారి ఫారసీ కచేరీల వ్యవహారంలో జమ, వసూలు వంటి లెక్కల మాటలు తెలుగులో బాగా స్థిరపడినవి. ‘మిగిలియున్నది’ అనే అర్థం ‘చెల్లించగా మిగిలినది’గా మారి, చివరకు ‘అప్పు’ అయినది.

ఈ అర్థాన్ని తేలికగా తీసుకోరాదు. మిరప, పత్తి పైర్లు ఒక తెగులుతోనో ఒక వానతోనో పోవచ్చును. పెట్టుబడికి తెచ్చిన బాకీ పోదు. రైతు కన్నుమూసినా అది మిగిలియుంటుంది. అందుకే ఖురాన్ 4వ సూరా 11, 12 ఆయత్‌లు వీలునామాను నెరవేర్చి, అప్పు తీర్చిన తరువాతనే ఆస్తి పంపకమని విధించినవి. మహాప్రవక్త (స) జనాజా నమాజుకు ముందు మృతునికి అప్పు ఉన్నదా అని విచారించేవారని హదీసులు తెలుపుతున్నవి.

కనుక ‘దునియా ఫానీ’ అనే మాట బాధ్యత తప్పించుకొనే సాకు కాదు. మనిషి ఫానీ, అతడు ఇతరులకు చెల్లించవలసిన హక్కు బాకీ.