సూత్రం అందరిదీ, పేటెంటు ఎవరిది?

తుపాకి గురి నేర్చుకునేవారు వాడే దుర్భిణిలో ఒక అడ్డగీత, ఒక నిలువుగీత, వాటిమీద చుక్కలు కనిపిస్తాయి. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం ఒక మిల్లీరేడియన్. 1.8 మీటర్ల ఎత్తున్న గురిపలక మూడు మిల్లీరేడియన్ల మేర కనబడిందనుకుందాం. 1.8ని 1000తో గుణించి 3తో భాగిస్తే 600. అంటే పలక 600 మీటర్ల దూరంలో ఉందన్నమాట. మనం హైస్కూల్లో చదివిన త్రికోణమితే ఇది. మరి ఇటువంటి పద్ధతికి ఆస్ట్రేలియాలో పేటెంటు ఇస్తారా?

లెక్కకి ఇవ్వరు. ప్రకృతి నియమం, గణిత సూత్రం ఎవరి సొత్తూ కావు. కాని వాటిని వాడి కొత్త ఫలితం సాధిస్తే సంగతి వేరు. 1959లో అక్కడి హైకోర్టు (ఆ దేశంలో అన్నిటికన్నా పై కోర్టు అదే) ఒక కలుపుమందు కేసులో ఈ తేడా తేల్చింది. రసాయనాలు పాతవే. అవి పంటను వదిలి కలుపును మాత్రం చంపుతాయని పసిగట్టి, ఆ పనికి వాడడం కొత్త. మనిషి ప్రయత్నంవల్ల ఆర్థికంగా విలువైన కొత్త స్థితి ఏర్పడింది కాబట్టి పేటెంటుకి అర్హత ఉందన్నది.

మన రంగానికి దగ్గర ఉదాహరణ వైఫై. గదిలో రేడియో తరంగాలు గోడలకి తగిలి ప్రతిధ్వనుల్లా తిరిగొస్తే సంకేతం కలగాపులగం అవుతుంది. ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ.లో జాన్ ఓసలివన్ బృందం 1990లలో దీనికి విరుగుడుగా, సమాచారాన్ని అనేక పౌనఃపున్యాల మీద పంచి పంపే ఏర్పాటు చేసింది. దాని వెనకున్న ఫూరియే గణితం రెండు వందల ఏళ్ళ నాటిది. పేటెంటు ఆ గణితానికి కాదు, చిక్కు విప్పిన ఏర్పాటుకి. దానిమీద సంస్థకి 43 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకి పైగా వచ్చాయి.

అలాగని పై భాగహారాన్ని ఫోన్లో పెట్టి యాప్ రాస్తే చాలదు. షేర్ల సూచీ కట్టే పద్ధతిని మామూలు కంప్యూటర్ మీద నడిపినంత మాత్రాన అది ఆవిష్కరణ అయిపోదని 2014లో రిసెర్చ్ ఎఫిలియేట్స్ కేసులో ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచి చెప్పింది. చేతి వణుకునీ, వేడిగాలిలో బొమ్మ అలలాడడాన్నీ సరిదిద్ది కొలతను కచ్చితం చేసే మార్గం కనిపెడితే దారి తెరుచుకోవచ్చు. అదైనా కొత్తదై ఉండాలి. ఆ రంగంలో నిపుణుడికి ఇట్టే తట్టేది కాకూడదు.

అటువంటి ఆలోచన మీకుంటే రెండు జాగ్రత్తలు. దరఖాస్తు పెట్టకముందే నలుగురిలో చూపించకండి. ఆస్ట్రేలియాలో 12 నెలల వెసులుబాటు ఉన్నా, యూరప్‌లో మామూలుగా అది దొరకదు. ఉద్యోగంలో ఉండగా చేసినదైతే మీ ఒప్పందం ఒకసారి తీసి చదవండి. సూత్రం అందరిదే, దానితో మీరు కట్టినది మీదో కంపెనీదో ఆ కాగితంలో ఉండవచ్చు.