నామినీ వేరు, వారసుడు వేరు

ధాన్యము, బెల్లము అమ్మగా వచ్చిన సొమ్మును బ్యాంకులో దాచుకొను రైతులు నర్సీపట్నము ప్రాంతమున ఎందరో కలరు. అయితే ఖాతాదారుడు మరణించినచో ఆ సొమ్ము ఎవరికి చెందునను విషయమున మన గ్రామములలో ఒక పొరపాటు అభిప్రాయము నాటుకొని యున్నది. నామినీగా ఎవరి పేరు వ్రాయబడినదో సొమ్మంతయు వారిదేయని తలంచి, న్యాయముగా భాగము గల భార్యలు సైతము మిన్నకుండుచున్నారు.

ఒక ఉదాహరణము చూతము. తాండవ కాలువ క్రింద సేద్యము చేయు ఒక హిందూ రైతు పెండ్లికి పూర్వము ఖాతా తెరచి, తన తమ్ముని నామినీగా వ్రాసెననుకొందము. పిమ్మట ఆ పేరు మార్చలేదు. వీలునామా వ్రాయకయే ఆయన మరణించెను. ఖాతాలో ఆయన స్వార్జితము 4,00,000 రూపాయలు కలవు. తల్లి, భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నారు.

బ్యాంకువారు సొమ్మును తమ్మునికే చెల్లింతురు. ఇందు వారి తప్పు లేదు. 1949 నాటి బ్యాంకింగు నియంత్రణ చట్టము ననుసరించి, నామినీకి చెల్లించుటతో బ్యాంకు బాధ్యత తీరును. కాని అంతమాత్రమున ఆ సొమ్ము తమ్ముని సొత్తు కాజాలదు. నామినీ నుండి తమ భాగమును రాబట్టుకొను హక్కు వారసులకు కలదని ఆ చట్టమే చెప్పుచున్నది. 2010లో సుప్రీముకోర్టు కూడ రామచందర్ తల్వార్ కేసులో ఇట్లే తీర్పు చెప్పినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము తల్లికి, భార్యకు, కుమారునికి, కుమార్తెకు తలకొక లక్ష రూపాయలు రావలెను. వీరుండగా తమ్మునికి భాగము లేదు.

ఈ సూత్రము భార్యకును వర్తించును. ఆమెయే నామినీ అయినను, అత్తగారి భాగమును, బిడ్డల భాగమును వారికి ఒప్పగింపవలసినదే. వీలునామా యున్నచో స్వార్జితమునకు దాని ప్రకారమే పంపకము జరుగును. ఎగువ ఏజెన్సీ గ్రామములలోని షెడ్యూల్డు తెగలవారికి సాధారణముగా హిందూ వారసత్వ చట్టము వర్తింపదు. వారికి తమ ఆచారములే ప్రమాణము. ముస్లిములకు, క్రైస్తవులకు వేరు చట్టములు కలవు.

నామినీ భాగమీయడని అనుమానము కలిగినచో వితంతువు ఏమి చేయవలెను? నోటిమాటతోగాని, ఉత్తరముతోగాని బ్యాంకు చెల్లింపు నిలుపదు. న్యాయస్థానపు ఉత్తర్వు కావలెను. కనుక జాప్యము పనికిరాదు. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయసహాయము లభించును. సొమ్ము చెల్లింపబడిన పిమ్మటను నామినీపై దావా వేయవచ్చును.

వ్యాజ్యము వచ్చిన పిదప పరితపించుటకంటె ముందుగా జాగ్రత్తపడుట మేలు. పెండ్లియైన వెంటనే, బిడ్డలు కలిగిన వెంటనే, ఖాతాలో నామినీ పేరు ఎవరిదో చూచుకొనవలెను. 2025 నవంబరు 1 నుండి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను, ఎవరికెంత చెల్లింపవలెనో నిర్ణయించి, వ్రాయించుకొను వీలు కలిగినది. సొమ్ము ఎవరికి చెందవలెనో వీలునామాలో స్పష్టపరచుట ఇంకను శ్రేయస్కరము. నేడే ఖాతా పుస్తకము తీసికొని బ్యాంకుకు వెళ్లి, ఈ చిన్న పని ముగించుకొనవలసినదిగా పాఠకులను కోరుచున్నాము.