పాల పరీక్ష శిక్షణ మరపున పడకుండా ఉండాలంటే

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు తరచు కనిపించే విషయం ఒకటుంది. పాల పరీక్షకుడు శిక్షణ పొందే ఉంటాడు. సర్టిఫికెట్టు గోడకు వేలాడుతూ ఉంటుంది. పరీక్ష మాత్రం తనకు తోచినట్లు సాగుతూ ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక సంఘంలో, నేనే పాఠం చెప్పిన కుర్రవాడు బ్యుటిరోమీటరును వేడినీటిలో ఉంచకుండానే రీడింగు తీస్తున్నాడు. చల్లబడితే వెన్న కుంచించుకుపోయి శాతం తక్కువగా కనిపిస్తుంది. ఇదేమిటని అడిగితే, "ఆ రెండు రోజుల్లో చాలా చెప్పారు సార్, కొన్నే గుర్తున్నాయి" అన్నాడు. కోప్పడబోయి ఊరుకున్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అన్నీ ఒకేసారి చెప్పి పంపి, మళ్ళీ రెండు నెలల వరకు పలకరించనిది మేమే కదా! నష్టపోయింది మాత్రం పాలు పోసిన రైతు.

గేదెకు వారం రోజుల మేత ఒక్కపూటలో వేయము. శిక్షణ విషయంలో మాత్రం ఆ పనే చేస్తున్నాము.

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన జ్ఞాపకశక్తినే పరీక్షించుకుని, ఆ ఫలితాలను 1885లో ప్రచురించాడు. నేర్చుకున్న తరువాత మొదటి గంటల్లోనే మరపు వేగంగా సాగుతుందనీ, ఆపైన నెమ్మదిస్తుందనీ ఆయన లెక్కలు చెబుతున్నాయి. అర్థంలేని పదాల జాబితా ఒకదానిని ఒకే రోజు 68 సార్లు వల్లిస్తే కలిగిన ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లిస్తేనే కలిగింది.

బ్రిటన్ తపాలా ఉద్యోగులకు టైపు నేర్పిన తీరును బాడ్లీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు 1978లో వెల్లడించారు. రోజుకు ఒక గంట నేర్చుకున్నవారు, రోజుకు నాలుగు గంటలు కూర్చున్నవారి కంటే తక్కువ గంటలలోనే పని పట్టుకున్నారు. అయినా తమ పద్ధతిపై తృప్తి తక్కువగా చెప్పింది కూడా వారే! కనుక తరగతి ముగిసిన సాయంత్రం అందరూ బాగుందన్నంత మాత్రాన శిక్షణ ఫలించిందని అనుకోరాదు.

దీనిని మన సంఘాలలో అమలు జరపడం కష్టం కాదు. ఆసిడ్‌తో పని మొదట అనుభవజ్ఞుల ఎదుటే నేర్పాలి. అందులో రాజీ లేదు. ఆ తరువాత ఉదయం పాల సేకరణ ముగిశాక పది నిమిషాల చొప్పున, పాఠానికి ఒక్క విషయం తీసుకోవాలి.

మొదటి పాఠం: పాలు బాగా కలియబెట్టి నమూనా తీయడం.

రెండవ పాఠం: గెర్బర్ పరీక్షలో పోసే వరుస. ముందు సల్ఫ్యూరిక్ ఆసిడ్ 10 మి.లీ., దానిపై గొట్టం అంచు వెంబడి నెమ్మదిగా పాలు 10.75 మి.లీ., ఆఖరున ఎమైల్ ఆల్కహాలు 1 మి.లీ.

మూడవ పాఠం: సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడినీటిలో ఉంచడం, రీడింగు తీయడం.

ప్రతి పాఠాన్నీ మరునాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి తిరిగి ముట్టుకోవాలి. అప్పుడు కూడా మళ్ళీ చెప్పడంతో మొదలుపెట్టకూడదు, ముందు అడగాలి. "ఏది ముందు పోస్తావు? ఎందుకు?" అంటే అతడు కాసేపు తడుముకుంటాడు. తడుముకోనివ్వండి. కొంత మరచినదానిని తానే గుర్తు తెచ్చుకున్నప్పుడు అది గట్టిగా నిలుస్తుంది. తప్పు చెబితే అక్కడికక్కడే సరిదిద్ది, చేసి చూపించమనాలి. అడిగిన తేదీ, విషయం ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే, మళ్ళీ ఎప్పుడు అడగాలో తెలుస్తుంది.

ఇప్పుడు చాలా సంఘాలకు ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి. అయినా నమూనా కలపడం, యంత్రాన్ని రోజూ శుభ్రపరచడం, దాని రీడింగును గెర్బర్ పరీక్షతో సరిచూడడం మనుషుల పనే. వాటికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

కార్యదర్శులు ఈ వారమే ఒక్క పాఠంతో ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను. క్యూలో నిలబడి పాలు పోసే ఇల్లాలికి మన సర్టిఫికెట్లతో పని లేదు. తన పాలకు రావలసిన శాతం చీటీ మీద సరిగా పడితే చాలు.